ఎట్లా తెలుసుకుంటారు? — ఊళ్లు మారేవారి లెక్క

పిల్లలూ! చలికాలం వచ్చిందంటే పులికాట్ సరస్సుకు ఎక్కడెక్కడి పక్షులో వలస వస్తాయని మీరు చదివే ఉంటారు. కొంతకాలం ఉండి అవి తిరిగి వెళ్లిపోతాయి. అవి ఎక్కడినుంచి వచ్చాయో, ఎక్కడికి పోతాయో మనుషులకు ఎట్లా తెలిసింది? 1899లో డెన్మార్కు దేశంలో హాన్స్ మార్టెన్‌సెన్ అనే బడిపంతులు స్టార్లింగు పిట్టల కాళ్లకు అల్యూమినియం కడియాలు వేసి వదిలాడు. ప్రతి కడియం మీదా ఒక అంకె ఉన్నది. ఆ పిట్ట మరొకచోట ఎవరికైనా దొరికితే, అంకెను బట్టి అది ఫలానాచోట వదిలిన పిట్ట అని తెలిసిపోతుంది. పక్షుల సంగతి తెలిసినవారు ఈనాటికీ ఈ పద్ధతిని పాటిస్తూనే ఉన్నారు.

బాగానే ఉన్నది. కాని మనుషులు కూడా వలస పోతారు గదా! చదువుకోసం, ఉద్యోగంకోసం, కూలికోసం, పెళ్లయి, వర్షాలు లేక, నీళ్లు ముంచెత్తి — ఇట్లా ఎన్నో కారణాలతో ఒక ఊరు విడిచి మరొక ఊరికి వెళతారు. మనుషుల కాళ్లకు కడియాలు వెయ్యలేం. వేరే దేశానికి వెళ్లేవారయితే సరిహద్దు దగ్గర పాస్‌పోర్టు చూసి ముద్ర వేస్తారు కనుక లెక్క దొరుకుతుంది. శ్రీకాకుళంనుంచి హైదరాబాదుకు వెళ్లేవాణ్ణి దారిలో ఆపి అడిగేవారెవరున్నారు? ఎవరూ లేరు, ఉండనూ కూడదు. దేశంలో ఎక్కడికైనా వెళ్లి నివసించే హక్కును మన రాజ్యాంగం పౌరులందరికీ ఇచ్చింది.

అయితే గుమ్మమూ లేదు, కాపలావాడూ లేడు. మరి ఎందరు వచ్చారో, ఎందరు వెళ్లారో ఎట్లా లెక్కపెట్టటం? ఈ నెల ఆ సంగతి చెప్పుకుందాం.

అన్నిటికన్న సులువైన పద్ధతి తీసివేత. ఒక చిన్న పట్నంలో ఏడాది మొదట్లో 10,000 మంది ఉన్నారనుకోండి. ఆ ఏడాది 300 మంది పుట్టారు, 120 మంది పోయారు. పుట్టినవారినీ, పోయినవారినీ పురపాలక సంఘంవారు రిజిస్టరులో రాసుకుంటారు కనుక ఈ అంకెలు దొరుకుతాయి. ఏడాది చివర పట్నంలో 10,180 మంది ఉండాలి. కాని తలలు లెక్కపెట్టి చూస్తే 10,500 మంది ఉన్నారు. ఎక్కువగా ఉన్న 320 మంది ఎక్కడినుంచి ఊడిపడ్డారు? బయటినుంచి వచ్చారన్నమాట!

మీరూ ఒక లెక్క చెయ్యండి. ఒక ఊళ్లో ఏడాది మొదట్లో 4,000 మంది ఉన్నారు. ఆ ఏడాది 90 మంది పుట్టారు, 50 మంది పోయారు. ఏడాది చివర 3,960 మంది తేలారు. ఆ ఊరికి వచ్చినవారు ఎక్కువా? వెళ్లినవారు ఎక్కువా? ఎంతమంది ఎక్కువ? జవాబు ఈ వ్యాసం చివర ఉన్నది. ముందే చూడకండి.

ఈ తీసివేతలో ఒక లోపం ఉన్నది. మన పట్నానికి 320 మందే వచ్చారా? 1,320 మంది వచ్చి 1,000 మంది వెళ్లిపోయినా ఇదే జవాబు వస్తుంది. చెరువులో నీటిమట్టం ఒక జానెడు పెరిగిందంటే, కాలువగుండా ఎన్ని నీళ్లు వచ్చాయో, తూముగుండా ఎన్ని పోయాయో మట్టాన్ని చూసి చెప్పలేం గదా! పైగా వచ్చినవారు ఏ ఊరివారో కూడా తీసివేత చెప్పదు. అది తెలియాలంటే ఒకటే మార్గం: మనిషిని అడగాలి.

మన దేశంలో అట్లా అడగటం జనాభా లెక్కలతో మొదలయింది. 1881లో దేశమంతటా ఒకేసారి జనాభా లెక్కలు తీశారు. “మీరు ఎక్కడ పుట్టారు?” అన్నది అందులో ఒక ప్రశ్న. పుట్టిన ఊరు ఒకటి, ఇప్పుడున్న ఊరు మరొకటి అయితే ఆ మనిషి వలస వచ్చినట్టు లెక్క. చాలా ఏళ్లు ఈ ఒక్క ప్రశ్నతోనే సరిపెట్టుకున్నారు.

కాని ఈ ప్రశ్న మన దేశంలో ఒక చిత్రమైన చిక్కు తెచ్చిపెట్టింది. మనలో తొలికాన్పు పుట్టింట జరగటం ఆచారం. అమ్మ తెనాలిలో కాపురముంటున్నది, కాన్పుకు పుట్టిల్లయిన ఒంగోలు వెళ్లింది. బిడ్డ అక్కడ పుట్టి, మూడో నెలలో అమ్మ ఒళ్లో తెనాలి వచ్చింది. జనాభా లెక్కల్లో ఆ పసిబిడ్డ ఏమవుతుంది? ఒంగోలునుంచి తెనాలికి వలస వచ్చిన మనిషి అవుతుంది! ఇట్లాంటి వలసదారులు మీలో ఎందరో ఉండవచ్చు. మరొక చిక్కు: ఒకడు అనంతపురంలో పుట్టాడు, పదేళ్లు బెంగుళూరులో ఉన్నాడు, తరువాత పుణె వెళ్లాడు. పుట్టిన ఊరు మాత్రమే అడిగితే అతను అనంతపురంనుంచి తిన్నగా పుణె వచ్చినట్టు కనిపిస్తుంది. నడుమ బెంగుళూరు మాయమైపోయింది.

అందుచేత ప్రశ్నలు పెంచుతూ వచ్చారు. 1961లో “ఈ ఊరికి వచ్చి ఎన్నాళ్లయింది?” అనీ, పుట్టింది పల్లెలోనా పట్నంలోనా అనీ అడిగారు. 1971లో “ఇక్కడికి రాకముందు ఎక్కడ ఉన్నారు?” అని అడిగారు. దానితో బెంగుళూరు మళ్లీ కనిపించింది. 1981లో “ఎందుకు వచ్చారు?” అన్న ప్రశ్న కూడా చేరింది. తరువాత కారణాల జాబితాలో “పుట్టిన తరువాత తీసుకురాబడినవారు” అని ఒక గడి పెట్టారు. ఒంగోలులో పుట్టిన బిడ్డకు ఆ గడిలో చోటు దొరికింది.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో నూటికి 37 మంది ఊరు మారినవారే. అంటే సుమారు 45 కోట్లమంది! ఇంతమంది ఎందుకు మారారు? ఉద్యోగాలకోసమని మీరు అనుకుంటారు కాబోలు. పనికోసం వచ్చామని చెప్పినవారు నూటికి 10 మంది మాత్రమే. పెళ్లి మూలంగా వచ్చినవారు దాదాపు సగం, వారిలో ఇంచుమించు అందరూ ఆడవారే. మన దేశంలో అతి పెద్ద వలస ఏ రైల్వేస్టేషనులోనూ కనిపించదు. అది పుట్టింటినుంచి అత్తవారింటికి జరిగే వలస. మీ అమ్మా, మీ అమ్మమ్మా, మీ నాయనమ్మా చాలావరకు ఆ లెక్కలో ఉన్నవారే.

మరొక సంగతి కూడా ఆ లెక్కల్లో తేలింది. ఊరు మారినవారిలో నూటికి 60 మందికి పైగా సొంత జిల్లా దాటలేదు. రాష్ట్రం దాటినవారు నూటికి సుమారు 12 మందే.

ఈ సంగతి మొట్టమొదట కనిపెట్టినవాడు మన దేశంవాడు కాదు. ఎర్నెస్టు జార్జి రావెన్‌స్టీన్ జర్మనీలో పుట్టి, ఇంగ్లండుకు వెళ్లి, అక్కడి యుద్ధశాఖలో పటాలు గీసే ఉద్యోగం చేశాడు. చూశారా, ఆయనా వలస పోయినవాడే! జనం ఊళ్లు మారటానికి ఒక నియమమంటూ లేదని విలియం ఫార్ అనే గణాంకశాస్త్రజ్ఞుడు అభిప్రాయపడ్డాడు. అది నిజమా అని రావెన్‌స్టీన్‌కు అనుమానం కలిగింది. ఆయన బ్రిటన్‌లో 1881లో తీసిన జనాభా లెక్కలు ముందు పెట్టుకుని, ఏ జిల్లాలో పుట్టినవారు ఏ జిల్లాలో ఉన్నారో పట్టికలు పరిశీలించాడు. 1885లో తన ఫలితాలు ప్రకటించాడు.

ఆయన చెప్పినవాటిలో ముఖ్యమైనవి ఇవి. ఎక్కువమంది దగ్గరి ఊళ్లకే వెళతారు. పట్నం చుట్టుపక్కల పల్లెలవారు పట్నంలోకి పోతే, ఆ పల్లెల్లో ఏర్పడిన ఖాళీలోకి మరి కాస్త దూరపు పల్లెలవారు వస్తారు. ఇట్లా మెట్లుమెట్లుగా జనం జరుగుతారు. ఒక దిక్కుకు ప్రవాహం ఉంటే దానికి ఎదురుగా చిన్న ప్రవాహం కూడా ఉండి తీరుతుంది. చాలా దూరం పోయేవారు పెద్ద వ్యాపార కేంద్రాలకే పోతారు. దగ్గరి దూరాలకు మగవారికన్న ఆడవారే ఎక్కువగా మారతారు. బ్రిటన్ లెక్కలనుంచి తీసిన ఈ మాటలు 2011 నాటి మన లెక్కలకు చాలావరకు సరిపోవటం ఆశ్చర్యం కాదూ?

ఇక్కడ మీకొక పొడుపుకథ. ఒకాయన 1990లో గుంటూరునుంచి హైదరాబాదు వచ్చి స్థిరపడ్డాడు. ఆ తరువాత ఇల్లు కదలలేదు. 2011 లెక్కల్లో ఆయన రాష్ట్రం దాటనివాడు. ఇప్పుడు లెక్కవేస్తే రాష్ట్రం దాటినవాడు. ఇదెట్లా సాధ్యం? ఆయన కదలలేదు, గీత కదిలింది! 2014 జూన్ 2న తెలంగాణ వేరే రాష్ట్రం అయింది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. జిల్లా దాటనివారు కొందరు తెల్లవారేసరికి జిల్లా దాటినవారయ్యారు. అందుకే పాత లెక్కలనూ, కొత్త లెక్కలనూ పోల్చేవారు ముందు పటంలో గీతలు సరిచూసుకుంటారు.

లెక్కల పుస్తకాలే కాదు, ఊళ్ల పేర్లు కూడా వలసల సంగతి చెబుతాయి. కర్ణాటకలో సింధనూరు, కారటగి ప్రాంతాలకు వెళితే పేరు చివర “క్యాంపు” అని ఉన్న ఊళ్లు కనిపిస్తాయి. తుంగభద్ర ఆనకట్ట కట్టి కాలువలకు నీళ్లు వదిలాక, వరి పండించటం బాగా తెలిసిన కోస్తా రైతులు అక్కడ భూములు కొని, పొలాల దగ్గరే మకాములు వేసుకున్నారు. ఆ మకాములే ఊళ్లయ్యాయి. అంతకుముందు నిజాంసాగరు కింద, నిజామాబాదు ప్రాంతంలోనూ ఇట్లాగే జరిగింది. షోలాపూరు, భివండీ, సూరతు పట్నాలలో మగ్గాల మధ్య తెలుగు వినిపిస్తే ఆశ్చర్యపడకండి. తెలంగాణ జిల్లాలనుంచి తరతరాలుగా పద్మశాలీలు అక్కడికి నేతపనికి వెళ్లారు.

జనాభా లెక్కలు పదేళ్లకొకసారి తీస్తారు. నడుమ తొమ్మిదేళ్లు ఏం జరిగిందో తెలియదు. 2021లో తీయవలసిన లెక్కలు కరోనా మూలంగా ఆగిపోయి, 2027 మార్చి 1 లెక్కకు ఆధారమైన తేదీ అని 2025లో ప్రకటించారు. ఇంత ఎడం వస్తే మరి కష్టం.

కొన్ని దేశాలవారు ఈ చిక్కును వేరేవిధంగా దాటారు. జపానులో ఇల్లు మారినవారు 14 రోజులలోగా ఆ ఊరి కార్యాలయానికి వెళ్లి, ఫలానాచోటునుంచి ఫలానాచోటికి వచ్చామని నమోదు చేయించుకోవాలి. ఆ రిజిస్టర్లు కూడితే వలసల లెక్క నెలనెలా తేలుతుంది. బ్రిటన్‌లో జనం తమ వీధి డాక్టరు దగ్గర పేరు రాయించుకుంటారు. ఊరు మారితే డాక్టరూ మారతాడు. ఆ మార్పులను బట్టి లెక్క కడతారు.

మన దేశంలో ఒక తమాషా పద్ధతి ప్రయత్నించారు: రైలు టిక్కెట్లు! దూరప్రాంతాలకు కూలికి వెళ్లేవారు ఎక్కువగా రిజర్వేషను లేని పెట్టెలలో వెళతారు. 2016-17 ఆర్థిక సర్వే రాసినవారు, ఏ రాష్ట్రంనుంచి ఏ రాష్ట్రానికి అటువంటి టిక్కెట్లు ఎన్ని తెగాయో చూశారు. పండుగకు ఊరెళ్లి తిరిగి వచ్చేవాడు పోను ఒకటి, రాను ఒకటి కొంటాడు కనుక ఆ రెండూ కొట్టివేయబడతాయి. మిగిలినవారు వెళ్లి ఉండిపోయినవారని ఊహించారు. ఆ ప్రకారం 2011-16 మధ్య ఏటా సుమారు 90 లక్షలమంది పనికోసం రాష్ట్రాలు మారారని తేలింది. అంతకుముందు అనుకున్నదానికన్న ఇది చాలా ఎక్కువ.

ఇంతవరకు చెప్పుకున్న ఏ వలలోనూ సులభంగా చిక్కనివారు కొందరున్నారు. వారు స్థిరంగా ఊరు మారరు. పని ఉన్న నాలుగైదు నెలలు వెళ్లి, తిరిగి వస్తారు. పాలమూరు జిల్లావారు గుంపు మేస్త్రీ దగ్గర ముందుగా అప్పు తీసుకుని, ఆనకట్టలూ కాలువలూ కట్టటానికి దేశమంతా తిరిగారు. శ్రీకాకుళం తీరపు మత్స్యకారులు గుజరాతులోని వేరావల్ వెళ్లి పడవల మీద పని చేస్తారు. ఒడిషాలోని బలంగీరు ప్రాంతంవారు పంటలు కోసిన తరువాత పిల్లాజెల్లాతో తెలుగు నేలకు వచ్చి, ఇటుక బట్టీలలో పని చేసి, వానలు పడేలోగా వెళ్లిపోతారు. లెక్కలు తీసే పంతులు వారి సొంత ఊరికి వెళితే ఇంటికి తాళం. బట్టీ దగ్గర వేసుకున్న పాకకు నంబరు లేదు. అక్కడా లేరు, ఇక్కడా లేరు!

లెక్కలో లేకపోతే నష్టమేమిటి? 2020లో దేశమంతటికీ తెలిసింది. ఆ ఏడాది మార్చి 25 నుంచి కరోనా మూలంగా దేశమంతా మూతపడింది. పనులు ఆగాయి, రైళ్లు ఆగాయి. పట్నాలలో ఉన్న కూలీలు మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లలను చంకనెత్తుకుని వందల మైళ్లు నడిచారు. ఏ పట్నంలో ఏ రాష్ట్రపువారు ఎందరున్నారో ముందే తెలిసి ఉంటే, అన్నం ఎక్కడ వండించాలో, రైళ్లు ఎన్ని నడపాలో మొదటి వారంలోనే తేల్చుకోవచ్చు. వేరే రాష్ట్రంనుంచి తెచ్చిన కూలీల పేర్లు రాసి ఉంచాలని 1979 నాటి చట్టం ఒకటి అప్పట్లో ఉండేది గాని, చాలామంది పేర్లు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. చివరకు మే 1న వలస కూలీలకోసం మొదటి ప్రత్యేక రైలు బయలుదేరింది. అది మన లింగంపల్లినుంచే, సుమారు 1,200 మందితో జార్ఖండులోని హటియాకు వెళ్లింది. ఆ తరువాత 4,600 పైచిలుకు రైళ్లలో 63 లక్షలమంది ఇళ్లు చేరారు. సొంత రాష్ట్రాలకు తిరిగి వెళ్లిన కూలీలు 1 కోటి 4 లక్షలకు పైగా అని ఆ సెప్టెంబరులో పార్లమెంటులో చెప్పారు. అందరూ వెళ్లిపోయాక గాని ఎందరున్నారో తెలియలేదన్నమాట.

బియ్యం కార్డు సంగతీ అంతే. పూర్వం కార్డు ఏ ఊరిదయితే ఆ ఊరి దుకాణంలోనే బియ్యం ఇచ్చేవారు. మనిషి వెళ్లిపోయినా కార్డు ఊళ్లోనే ఉండిపోయేది. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య, గుజరాతు, మహారాష్ట్రల మధ్య ఒక రాష్ట్రపు కార్డు మీద మరొక రాష్ట్రంలో బియ్యం తీసుకునే పద్ధతిని మొదట ప్రవేశపెట్టారు. 2022 నాటికి అది అన్ని రాష్ట్రాలకూ వచ్చింది. దీనివల్ల మరొక లాభం కూడా కలిగింది. ఏ ఊరి కార్డు మీద ఏ ఊళ్లో బియ్యం తీసుకున్నారో చూస్తే, వలస ఎటు పోతున్నదో కొంత తెలుస్తుంది.

బట్టీ పిల్లల చదువు మరీ కష్టం. ఇంటి దగ్గర బడిలో పేరుంటుంది, పిల్ల ఉండదు. ఇక్కడ పిల్ల ఉంటుంది, బడిలో పేరుండదు. ఉన్నా తెలుగు పాఠం ఆ పిల్లకు అర్థం కాదు. తెలంగాణలో కొన్ని బట్టీల దగ్గర ఒడిషానుంచి పుస్తకాలు తెప్పించి, ఒడియా భాషలోనే బడులు నడిపారు. అటువంటి బడి పెట్టాలంటే ముందు ఏం కావాలి? ఎందరు పిల్లలు, ఏ ఊరివారు, ఏ భాషవారు అన్న లెక్క కావాలి.

మా సంగతులన్నీ సర్కారువారికి ఎందుకు చెప్పాలని కొందరు జంకుతారు. ఆ జంకు అర్థంలేనిది కాదు. అందుకే 1948 నాటి జనాభా లెక్కల చట్టం, ఒక మనిషి చెప్పిన జవాబులు రహస్యంగా ఉంచాలని శాసించింది. వాటిని కోర్టులో సాక్ష్యంగా కూడా చూపకూడదు. కావలసినది ఎందరు అన్న అంకె. ఎవరు అన్న పేరు కాదు.

మీరు చేసి చూడండి

మీ తరగతిలో ఈ లెక్క మీరే తీయవచ్చు. ఒక కాగితం మీద నిలువుగా, అడ్డంగా గళ్లు గీయండి. ఎడమవైపు “ఎక్కడినుంచి” అని రాసి, కిందికి ఊళ్ల పేర్లు రాయండి. పైన “ఎక్కడికి” అని రాసి, అవే పేర్లు అడ్డంగా రాయండి. ఒక్కొక్కరినీ వాళ్ల అమ్మ పుట్టిన ఊరు, ఇప్పుడున్న ఊరు అడిగి, సరైన గడిలో ఒక గీత పెట్టండి. నాన్నకు మరొక కాగితం, తాతగారికి ఇంకొకటి. తరువాత జిల్లా పటం మీద బాణాలు గీయండి. ఎక్కువమంది వచ్చినచోటునుంచి లావు బాణం, తక్కువమంది వచ్చినచోటునుంచి సన్న బాణం. అమ్మల బాణాలు పొడుగా, నాన్నల బాణాలు పొడుగా? రావెన్‌స్టీన్ చెప్పింది మీ తరగతిలో నిజమయిందా?

అంతా అయ్యాక మరొక్క పని చెయ్యండి. మీ హాజరుపట్టీలో పేరు ఉండి, చాలా రోజులుగా బడికి రాని పిల్లగాని, పిల్లవాడుగాని ఉన్నారేమో చూడండి. వాళ్లు ఎక్కడికి వెళ్లారో పొరుగువారిని అడిగి తెలుసుకుని మీ మాస్టారుగారికి చెప్పండి. అట్లాగే మీ ఊళ్లో కొత్తగా వేసిన పాకల దగ్గర బడికి పోని పిల్లలుంటే, వాళ్ల పేర్లేమిటో, ఏ భాష మాట్లాడతారో కనుక్కుని అదీ చెప్పండి. మీ పట్టికలో ఆ గీతలు కూడా పడితే గాని లెక్క పూర్తికాదు.

(లెక్కకు జవాబు: ఆ ఊళ్లో ఏడాది చివర 4,040 మంది ఉండాలి. 3,960 మందే ఉన్నారు. కనుక వచ్చినవారికన్న వెళ్లినవారు 80 మంది ఎక్కువ.)